ఖాళీ అని ఎవరన్నారు?

మా బావ పోయారని కబురు వచ్చినప్పుడు నేను నమ్మలేదు. దుఃఖం వల్ల కాదు, అలవాటు వల్ల. బియ్యం చెరుగుతున్నాను. పక్కింటావిడ గడపలో నిలబడి, మీ బావ పోయిండంట అన్నది. అంట ఏమిటి, నువ్వు చూశావా అని అడిగాను. చూడలేదట, ఎవరో చెప్పారట. చేట గోడకు ఆనించి, ఆయన కూతురి ఇంటికి నడిచాను. జబ్బు పడ్డాక ఆ పిల్లే ఆయన్ని తీసుకుపోయి తన దగ్గర ఉంచుకున్నది. చాప మీద పడుకోబెట్టి, తల దగ్గర దీపం పెట్టారు. దీపాలు ఎవరైనా పెడతారు. నేను ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను, మణికట్టు పట్టుకుని చూశాను. కూతురు ఏడుపు ఆపి నా మొహం చూసింది.

"ఏంది చిన్నమ్మా, గిప్పుడు గూడ నమ్మవా?"

"మీ నాయిన నేర్పిందే బిడ్డా" అన్నాను. ఏడవడం ఆ తర్వాత మొదలుపెట్టాను.

ఆయన నా భర్తకు అన్న. మరాఠీ నేల మీద సాలెవాళ్ళం ఉండే మా భవాని పేట్‌లో ఆయన గురించి రెండు మాటలు చెబుతారు. గొప్ప గురికాడు అని కొందరు, పోలీసుల మనిషి అని ఎక్కువమంది. ఈ రెండు మాటలు అన్నవాళ్ళలో ఆయన చేతిలో తుపాకి చూసినవాళ్ళు ఎవరూ లేరు. నేను చూశాను. గురి మధ్యరకం. రెండో మాట సంగతి ఈ నాలుగు పేజీల్లో చెప్పాలని కూర్చున్నాను. చదివి నమ్మమని అనను. అలా అంటే ఆయనకు నచ్చదు.

పెళ్ళిచూపులనాడే నన్ను అనుమానించిన మనిషి ఆయన. పిల్ల చదువుకున్నది అని మా నాన్న గొప్పగా చెప్పారు. మా నాన్న బడిపంతులు, మా ఇంట్లో ఆడపిల్లలకు కూడా పలక తప్పేది కాదు. వచ్చినవాళ్ళందరూ తల ఊపారు. బావ ఒక్కరే జేబులోంచి బెల్లం చుట్టిన కాగితం ముక్క తీసి, ఇది చదవమనండి అన్నారు. ఎవరిదో ఇల్లు వేలం వేస్తారన్న ప్రకటన అది. చదివాను. కంఠతా పెట్టిందేమో, కిందినుంచి పైకి చదవమనండి అన్నారు. బెల్లం కాగితాన్ని కంఠతా పెట్టే పిల్ల ఉంటుందా అని మా నాన్నకు కోపం వచ్చింది. నేను కిందినుంచి పైకి కూడా చదివి వినిపించాను. బావ అప్పుడు, సరే, చదువొచ్చు అన్నారు. ఆ రోజు నాకు ఆయన మీద మంట. తర్వాత ఆలోచిస్తే, నా చదువును పరీక్షించదగిన వస్తువుగా ఎంచిన మొదటి మనిషి ఆయనే. మా అత్తగారు మాత్రం దాన్ని కోడలికి వచ్చిన ఒక జబ్బులా చూసేవారు, చివరిదాకా.

మా ఇంటాయన అందరినీ నమ్మేవాడు. నూలు వ్యాపారి తూకాన్నీ, పాలవాడి ప్రమాణాన్నీ, రంగులవాడు చెప్పే ప్రతి మాటనీ. అందువల్ల ఆ ఇంటికి అనుమానించే మనుషులు ఇద్దరు అవసరమయ్యారు. బావ ఒకరు, నేను ఒకరు. మేమిద్దరం ఎదురెదురుగా కూర్చుని మాట్లాడింది ఎన్నడూ లేదు. ఆయన మగ్గం గుంటలో ఉంటే నేను గడప ఇవతల కొంగు సర్దుకుని నిలబడేదాన్ని. ఆయన చూపు నూలు మీద ఉండేది, నా చూపు నేల మీద. అలా ముప్పై ఏళ్ళ పైన మాట్లాడుకున్నాం.

నేత ఉండగానే ఆయనకు ఇంకో పని దొరికింది. హోట్గి రోడ్ అవతల బయలు నేలలో తెల్లదొరలు, మిల్లు అధికారులు ఒక తుపాకుల క్లబ్బు పెట్టుకున్నారు. మట్టి దిబ్బ, దాని ముందు వరసగా చట్రాలు, చట్రాలకు నల్ల గుండ్రాలు గీసిన కాగితాలు. మావాళ్ళు దాన్ని చాంద్‌మారీ అనేవారు. కాగితాలు మార్చడానికి, తుపాకులు తుడవడానికి, తాళాలు చూసుకోవడానికి మనిషి కావాలన్నారు. పోగులతో పని చేసిన వేళ్ళు కదా, సన్న పనికి పనికొస్తాయని బావను పెట్టుకున్నారు. ఆదివారాలు, సెలవుదినాలు అక్కడే. కాగితాలకు పడ్డ చిల్లులకు అతుకులు వేసి మళ్ళీ వాడేవారు. అతకడానికి గంజి మా ఇంటినుంచే వెళ్ళేది. పడుగుకు పెట్టవలసిన గంజి దొరల చిల్లులకు పెడుతున్నామని నేను గొణిగేదాన్ని. నా కొడుకు మగ్గం ఎక్కే వయసు వచ్చాక ఆ గంజి గిన్నె మోసుకుని పెదనాయిన వెంట వెళ్ళడం మొదలుపెట్టాడు. అతుకులు వేయడానికే వెళుతున్నాడని ఇద్దరూ చెప్పారు. నేను విన్నాను.

ఏడాదికొకసారి పందిరి వేసి, నౌకర్ల ఇళ్ళవాళ్ళను కూడా తాడు అవతల కూర్చోనిచ్చేవారు. అక్కడే నేను వాటిని దగ్గరగా చూశాను. చిన్న రైఫిళ్ళు ముందు పేల్చారు. వాటి చప్పుడు నూలు చుట్టే కండె విరిగినంతే ఉంటుంది. ఆ తూటాలో పేలే మందు అడుగున అంచు చుట్టూ ఉంటుందట, సూది అంచు మీద పడితేనే రాజుకుంటుందట. రివాల్వర్లు వేరే జాతి. మీట లాగుతూ పోతే వెనక ఘోడా, అంటే తుపాకి సుత్తి, తానే లేస్తుంది, తానే పడుతుంది. ఆ మీట బరువు. గుంజితే గురి పోతుంది. ఆగకుండా, తొందర పడకుండా, ఒకే తీరున లాగాలి. ఒక దొర గుంజి గుంజి అన్నీ దిబ్బలోకి కాల్చాడు. చివర్లో సరదాకు బావ చేతికి ఒకటి ఇచ్చారు. ఆయన దాన్ని తెరిచి, లోపల చూసి, మూసి, ఎడమ చేత్తో పట్టుకున్నారు. గుండ్రంలో కొన్ని పడ్డాయి, కొన్ని బయట పడ్డాయి.

ఎడమ చెయ్యి ఎందుకని ఇంటికి వచ్చాక అడిగాను. ఆయన మగ్గం వైపు చూపించారు. మేము కుడిచేత్తో తాడు గుంజితేనే నాడె అటునుంచి ఇటు పరుగెత్తుతుంది. పుట్టిన దగ్గరనుంచి గుంజే చెయ్యి అది, దానికి గుంజడం తప్ప ఇంకోటి రాదు. ఎడమ చెయ్యి మగ్గం పలకను మెల్లగా దగ్గరికి లాక్కుంటుంది, పోగు పక్కన పోగు కుదురుతుంది. రివాల్వర్‌కు కావలసింది ఆ చెయ్యి. సాలెవానికి తుపాకి ఎడమదిక్కే అన్నారు. ఈ మాట నేను గుర్తు పెట్టుకున్నాను. తర్వాత పనికొచ్చింది.

ఇంకో మాట ఆయన ఇంట్లో ప్రతివాళ్ళకూ నేర్పారు. ఎవడైనా తుపాకి చేతికిచ్చి ఖాళీది అంటే నమ్మకూడదు. ఇచ్చినవాడు అన్న అయినా, దొర అయినా, తెరిచి చూసుకోవాలి. "ఖాళీ అన్నోని మాట ఇనకు, ఖాళీని సూడు" అనేవారు. మా ఇంట్లో తుపాకి లేదు కాబట్టి ఆ సూత్రాన్ని ఇతర వస్తువుల మీద ప్రయోగించారు. ధాన్యం బస్తాను అడుగునుంచి గుమ్మరించేవారు. కూతురికి సంబంధం వచ్చినప్పుడు, పిల్లవాడు మంచి నేతగాడు అని మధ్యవర్తి చెబితే, పెళ్ళికొడుకును కొత్త బట్టలతోనే గుంటలో దింపి జానెడు నేయించారు. పాపం ఆ అబ్బాయి చెమటలు పోసుకుంటూ నేశాడు. అంచు వంకర పోయింది. బావ వేలితో అంచు తడిమి, అబద్ధం ఆడలేదు, సాలెవాడే, భయం వల్ల వంకర పోయింది అని పిల్లనిచ్చారు. ఆ అల్లుడే మొన్న పాడె ముందువైపు మోశాడు.

ఇంత అనుమానం గల మనిషిని వీధి అనుమానించకుండా ఉంటుందా. దొరల క్లబ్బులో పని, పోలీసు అధికారులతో నమస్కారాలు. ఉద్యమపు రోజులు వచ్చాక ఆయన వస్తుంటే అరుగుల మీద మాటలు ఆగిపోయేవి. పైగా సాయంత్రాలు ఆయన తలుపు వేసుకుని ఏదో చెక్కేవారు. కిర్రు కిర్రుమని చప్పుడు. గుండ్లు తయారుచేస్తున్నాడని ఒక ఇంట్లో అన్నారు, పేర్లు రాసి పోలీసులకు ఇస్తున్నాడని ఇంకో ఇంట్లో. రాసేటప్పుడు కిర్రుమనదని చదువుకున్నదాన్ని కనుక నాకు తెలుసు. ఒకసారి గ్లాసుతో నీళ్ళు పట్టుకుని తలుపు తోశాను. విరిగిన కండె ముక్క, చాకు, ఒళ్ళో చెక్కపొట్టు. ఆయన చటుక్కున పిడికిలి మూశారు. ఏముంది బావా అన్నాను. ఏం లేదన్నారు. ఖాళీ అన్న మాటను నమ్మకూడదని చెప్పిన మనిషి ఏం లేదంటున్నాడు. నీళ్ళు పెట్టి వచ్చేశాను గానీ ఆ పిడికిలి నా మనసులో మూసుకునే ఉండిపోయింది.

ఆ రోజుల్లోనే పేట చివర పోలీసు చౌకీ ముందున్న లాంతరు పగిలింది. రాయితో పగలలేదు. అద్దంలో చిన్న చిల్లు, వెనక గోడలో గోరంత గుండు. చిన్న రైఫిలు గుండు. అలాంటి రైఫిళ్ళు ఊళ్ళో క్లబ్బులో తప్ప లేవు. తాళాలు బావ దగ్గర. ఆదివారాలు ఆయన వెంట వెళ్ళేది నా కొడుకు. ఇక చెప్పడానికేముంది. వాడికి తుపాకి పట్టడం వచ్చని తేలితే చాలు, తీసుకుపోతారు. అప్పట్లో తీసుకుపోయినవాళ్ళు ఎప్పుడు తిరిగి వస్తారో, ఎన్ని పళ్ళతో వస్తారో ఎవరూ చెప్పలేకపోయేవారు.

కొత్తగా వచ్చిన ఇన్‌స్పెక్టర్ ఒక ఉపాయం కనిపెట్టాడు. ఇది నాకు తర్వాత తెలిసింది, మీకు ముందే చెబుతున్నాను. తన రివాల్వర్ శుభ్రం చేయమని క్లబ్బులో బావకిచ్చి, అక్కడే కుర్చీలో కూర్చుని సెక్రటరీతో తన తెలివి పంచుకున్నాడు. ఆ కుర్రవాడి చేతికి ఖాళీ రివాల్వర్ ఇస్తాను, నేర్చినవాడైతే ముందు తెరిచి చూస్తాడు, నేర్వనివాడు ఊరికే పట్టుకుంటాడు, అంతే, కోర్టు అక్కర్లేదు అన్నాడట. నౌకరు వింటున్నాడన్న ధ్యాస ఆ జాతి మనుషులకు ఉండదు. బావ నూనె గుడ్డతో తుడిచి, మూసి, చేతికిచ్చారు. ఇన్‌స్పెక్టర్ దాన్ని అలాగే తోలు సంచిలో పెట్టుకుని, ఒక కానిస్టేబుల్నీ, బావనూ వెంటబెట్టుకుని నేరుగా మా ఇంటికి బయలుదేరాడు. ముందుగా మాకు ఒక మాట చేరవేసే వీలు లేకపోయింది.

మధ్యాహ్నం. వాళ్ళు మా వీధి మలుపు తిరగగానే మొదటి ఇంటి మగ్గం ఆగింది. తర్వాత దాని పక్కది. మగ్గాల చప్పుడులో పుట్టి పెరిగినవాళ్ళకు ఆ నిశ్శబ్దం నడిచి వస్తున్నట్టు వినబడుతుంది. మా ఇంటి మగ్గం అన్నింటికన్నా చివర ఆగింది. నా కొడుకు గుంటలోంచి పైకి వచ్చి నిలబడ్డాడు. మా ఇంటాయన నూలు బజారుకు పోయాడు. నేను గడప ఇవతల ఉన్నాను.

ఇన్‌స్పెక్టర్ మరాఠీలో మర్యాదగానే మాట్లాడాడు. నువ్వెప్పుడైనా తుపాకి పట్టావా అని అడిగాడు. చిల్లులకు కాగితం అతికిస్తానని నా కొడుకు చెప్పాడు. ఇన్‌స్పెక్టర్ నవ్వి, రివాల్వర్ తీసి, పిడి వాడి వైపు తిప్పి చాచాడు. "రికామం ఆహే" అన్నాడు, ఖాళీదే అని. ఆ గోడకేసి ఒకసారి నొక్కు, చూద్దాం అన్నాడు.

ఆ మట్టిగోడ అవతల మా అత్తగారు నిద్రపోతున్నారు. ఆవిడ మీద నాకు చాలా ఫిర్యాదులున్నాయి గానీ, వాటిని ఆ రకంగా తీర్చుకోవాలని ఎన్నడూ అనుకోలేదు.

నేను నా కొడుకు చేతులు చూస్తున్నాను. వాడి ఎడమ చెయ్యి లేస్తున్నది. అప్పుడు నాకు అర్థమైంది, ఇన్నాళ్ళూ నా గంజి ఎక్కడికి పోయిందో. తీసుకుంటే వీడు తెరుస్తాడు, తెరిస్తే నేర్చినవాడని తేలిపోతుంది. తెరవకుండా ఉండలేడు, మా ఇంట్లో పెరిగినవాడు. తల తిప్పి బావను చూశాను. ఆయన గోడకు ఆనుకుని నిలబడి నా కళ్ళలోకి సూటిగా చూస్తున్నారు. నేను కోడలిగా వచ్చిన దగ్గరనుంచి ఆయన అలా చూసింది ఆ ఒక్కసారే.

నేను గడప దాటాను.

"ఖాళీ అని ఎవరన్నరు సాబ్? ఉఘడా. తెరిచి సూపియ్యిండ్రి."

బాయీ, నేను చెబుతున్నాను కదా అన్నాడు.

"పాలోడు నీళ్ళు కలుపలేదంటడు. నూలోడు తూకం సరిగ్గనే ఉన్నదంటడు. మీరు ఖాళీ అంటున్నరు. నేను ఒక్కొక్కల్లది సూసినంకనే నమ్మిన. గా గోడెనుక మా అత్త పన్నది. రేపు ఆమె లేవకుంటే ఎవలను అడగాలె?"

కిటికీల్లో వీధి వీధంతా ఉన్నది. ఎవరో కిసుక్కుమన్నారు. ఈ గయ్యాళిని నోరు మూయించాలని ఇన్‌స్పెక్టర్ రివాల్వర్‌ను ఫటుక్కున మధ్యకు విరిచి తెరిచాడు. లోపలినుంచి ఒక తూటా ఎగిరి షాబాదు బండ మీద పడి, దొర్లి, గుంట అంచున ఆగింది.

ఆ చప్పుడు నా చెవికి సరిగ్గా అనిపించలేదు. ఇత్తడి మోగింది గానీ బరువు మోగలేదు. ఏదో తేలికగా ఉన్నది. అయితే అది చెవిని పట్టించుకునే సమయం కాదు.

ఇన్‌స్పెక్టర్ మొహం గంజిలో ముంచి ఆరేసిన గుడ్డలా అయ్యింది. పోలీసు అధికారి నిండు రివాల్వర్‌ను ఒక నేతగాడి చేతికిచ్చి, ముసలామె పడుకున్న గోడకు కాల్చమన్నాడు. సాక్షి వీధంతా. వంగి తనే దాన్ని తీసుకుని, చూడకుండా జేబులో వేసుకున్నాడు. కానిస్టేబులు పైకప్పు పరిశీలిస్తున్నాడు. ఇన్‌స్పెక్టర్ బావ వైపు తిరిగి ఏదో అనబోయాడు. బావ చేతులు కట్టుకుని, చాలా మెత్తగా, మీకిచ్చినప్పుడు మీరు చూసుకోలేదా సాబ్ అని అడిగారు.

ఆ ఊరు మొత్తంలో మా బావను గుడ్డిగా నమ్మినవాడు ఆ ఇన్‌స్పెక్టర్ ఒక్కడే. మళ్ళీ మా గడప తొక్కలేదు. తర్వాత బదిలీ అయి పోయాడు. లాంతరు సంగతి లాంతరుతోనే ఆగింది.

పేట మాత్రం ఆగలేదు. పోలీసును వెంటబెట్టుకుని వచ్చినవాడు బావే కదా. సొంత తమ్ముని కొడుకునే పట్టియ్యబోయిండు, ఆమె అడ్డుపడ్డది అన్నారు. పెళ్ళిళ్ళకు పిలవడం మానేశారు. ఆయన కూర్చున్న అరుగు మీద ఇంకొకరు కూర్చునేవారు కాదు. నాకు కోపం వచ్చి, చెప్పరాదా బావా, జరిగింది చెప్పరాదా అన్నాను. ఆయన పోగులు సర్దుకుంటూ, అనుమానించనియ్యి, అనుమానించెటోళ్ళు జర తెలివైనోళ్ళే అన్నారు. క్లబ్బులో ఇన్‌స్పెక్టర్ చెప్పిన ఉపాయం సంగతి అప్పుడే నాకు చెప్పారు. అడగవలసింది ఇక ఒక్కటే మిగిలింది. గడప ఇవతలినుంచే అడిగాను.

"ఆ తూటా ఎవరు పెట్టిన్రు బావా?"

"నేను పెట్టలేదంటే నమ్ముతవా?"

"నమ్మ."

"మంచిది" అన్నారు. నాడె మళ్ళీ పరుగెత్తింది.

చాలాసార్లు ఆలోచించాను. నిజం తూటా పెట్టి ఉంటే, నా నోరు ఆ రోజు ఆలస్యమై ఉంటే, పిల్లవాడు తెరవకుండా నొక్కి ఉంటే. తుడిచిన తుపాకిలో తూటా వదిలే మనిషి కాదు ఆయన. తమ్ముడి కొడుకు చేతికి నిండు తుపాకి వెళ్ళనిచ్చే మనిషీ కాదు. రెండూ కుదరవు. కుదరని లెక్కను పక్కన పెట్టుకుని ఇన్నేళ్ళు ఆయనకు అన్నం వడ్డించాను. ఆయన కూడా నేను వడ్డించింది రెండుసార్లు కలిపి చూసుకునే తినేవారు.

దొరలు పోయారు. క్లబ్బుకు బోర్డు మారింది. పదకొండో రోజు అయ్యాక ఆయన మగ్గం గుంట శుభ్రం చేద్దామని నేనే దిగాను. కాళ్ళు పెట్టుకునే చోట పక్క గోడలో చిన్న గూడు, అందులో గుడ్డలో చుట్టిన ఒక రేకు డబ్బీ. ఖాళీదే అయి ఉంటుంది అన్నాడు పైనుంచి నా కొడుకు. వాడికి ఇప్పుడు ఇద్దరు పిల్లలు. నేను తెరిచి చూశాను. లోపల అయిదు రివాల్వర్ తూటాలు. పేలిపోయిన ఇత్తడి గొట్టాలు, ప్రతి దాని అడుగున మధ్యలో ఘోడా కొట్టిన సొట్ట. మొనలో సీసం లేదు. కండె కొయ్య చెక్కి, నునుపు చేసి, సీసం రంగు పట్టించి బిగించారు. చూపుకు తేడా లేదు.

నా కొడుకు గుంట అంచున కూర్చుని చూశాడు. ఒకటి వేళ్ళ మధ్య తిప్పాడు. "నాకు గివిటితోనే నేర్పిండు. అసలువాటిల గివి కలిపి పెడుతుండె, ఏది ఏదో మనకు ఎరుక ఉండది. గుంజెటోని చెయ్యి గిది పేలనప్పుడు బయటపడ్తది." డబ్బీలోవి లెక్కపెట్టి, "ఆరు ఉండె" అన్నాడు.

లాంతరు గురించి అడుగుదామనుకున్నాను. అడిగితే కాదంటాడు, నేను నమ్మను, అన్నం వేళ అవుతుంది. మానుకున్నాను.

ఆరోదాన్ని ఎలుక ఎత్తుకుపోయి ఉండవచ్చు. ఇన్‌స్పెక్టర్ ఆ సాయంత్రం జేబు దులిపి, కొయ్య మొన చూసి, ఎవరికీ చెప్పుకోలేక పారేసి ఉండవచ్చు. మా బావ ప్రాణాలు తీయలేని తూటాను పెట్టి, దాన్ని తెరిపించే పని నా నోటికి వదిలిపెట్టి ఉండవచ్చు. పాలను, నూలును, దేవుణ్ణీ నమ్మని మనిషి ఆ మధ్యాహ్నం ఒక్కదాన్ని నమ్ముకుని గోడకు ఆనుకుని నిలబడ్డారేమో, నా అనుమానాన్ని. ఇది కూడా నేను రుజువు లేకుండా రాయను.

ఒకటి తీసి షాబాదు బండ మీద వదిలాను. ఇత్తడి మోగింది, బరువు మోగలేదు. అదే చప్పుడు. దొర్లుకుంటూ వెళ్ళి గుంట అంచున ఆగింది. నా కొడుకు వంగి ఎడమ చేత్తో దాన్ని తీశాడు. నాకు ఇచ్చే ముందు అడుగున సొట్ట ఉన్నదో లేదోనని ఒకసారి తిప్పి చూసుకున్నాడు.